రీసెర్చి స్కాలరుకి సంక్రాంతి సెలవులున్నాయా?

పరిశోధన ఒక తపస్సు అని మొన్న ఫిబ్రవరి 28న, సైన్సు దినోత్సవ సభలో, ఒక పెద్దాయన సెలవిచ్చారు. చప్పట్లు బాగానే పడ్డాయి. వెనక వరసల్లో ఉన్న మా డిగ్రీ వాళ్లమే ఎక్కువ కొట్టాం. ముందు వరసలో కూర్చున్న రీసెర్చి స్కాలర్లు మాత్రం ఎందుకో అంత హుషారు చూపలేదు. బయటికొచ్చాక వాళ్లలో ఒకాయన్ని అడిగితే, "తపస్సు చేసే ఋషికి మెస్సు బిల్లు రాదు తమ్ముడూ" అన్నాడు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఆ జవాబే కారణం.

నేను రీసెర్చి స్కాలర్ని కాను. బి.యస్సీ. మూడో సంవత్సరం వాణ్ణి. నీకెందుకయ్యా ఈ గొడవ అని మీరనొచ్చు. మా హాస్టలుకీ స్కాలర్ల హాస్టలుకీ మెస్సు ఒకటే. మూడేళ్లుగా ఒకే బల్ల దగ్గర కూర్చుని అదే సాంబారు పోసుకుంటున్నాం. పైగా వచ్చే ఏడు ఎమ్మెస్సీ, ఆ తర్వాత కుదిరితే పరిశోధన అన్న ఆశ నాకూ ఉంది. కొనబోయే ఎద్దు పళ్లు చూడటం రైతుబిడ్డకి తప్పు కాదు గదా!

చలికాలం మన కాంపస్‌కి అందమొచ్చే కాలం. పొద్దున ఆరింటికి గ్రౌండు మీద పొగమంచు, టీ బడ్డీ దగ్గర చేతులు రుద్దుకునే జనం, గేటు దగ్గర జామకాయల బండి, మధ్యాహ్నమైతే లైబ్రరీ వెనక ఎండలో పుస్తకం ఒళ్లో పెట్టుకుని కునికిపాట్లు. మాకైతే పండగ సెలవులు, కొత్త సినిమాలు, ఇంటికెళ్తే అరిసెలు. స్కాలర్లకి కూడా ఈ కాలమంటే ఇష్టమే. ఆదివారం పొద్దున వాళ్ల షటిల్ ఆట చూసి తీరాలి. థీసిస్ మీద కోపమంతా ఆ బంతి మీద తీర్చుకుంటారు. బకెట్లో పెట్టుకునే వేడినీళ్ల కడ్డీని వార్డెనుగారి కంట పడకుండా దాచుకోవడంలో ఒక్కొక్కరిదీ ఒక్కో పద్ధతి. లాబ్‌లో కూడా ఈ నాలుగు నెలలే కాస్త సుఖం. ఎండాకాలంలో కరెంటు పోయిందంటే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరులో దాచుకున్న రెండు మూడేళ్ల కష్టం ఏమవుతుందోనని గుండె దడదడలాడుతుంది. చలికాలంలో ఆ దడ కొంచెం తక్కువ. అందుకే పని కూడా ఎక్కువ. రాత్రి పదకొండింటికి లాబ్ తాళం వేసి, మెస్సులో అన్నం అయిపోయి ఉంటుంది కాబట్టి, గేటు బయట ఆమ్లెట్ బండి దగ్గర తేలతారు. ఆ బండాయనకి మన యూనివర్సిటీలో జరిగే పరిశోధనలన్నీ తెలుసు. ఎవరి ప్రయోగం చెడిందో మొహం చూసి చెప్పేస్తాడు.

సెమినార్ల కాలం కూడా ఇదే. జనవరి వచ్చిందంటే ఒకప్పుడు ఇండియన్ సైన్స్ కాంగ్రెస్. 2008లో విశాఖపట్నంలో, 2017లో తిరుపతిలో జరిగినప్పుడు మన ప్రాంతపు విద్యార్థులు తండోపతండాలుగా వెళ్లారట. 2024 జనవరిలో అది జరగనే లేదు. చిన్నాచితకా సెమినార్లకి మాత్రం లోటు లేదు. రిజిస్ట్రేషన్ ఫీజు జేబులోంచి కట్టి, జనరల్ బోగీలో వెళ్లి, పది నిమిషాలు మాట్లాడి, ఒక సర్టిఫికెట్టూ ఒక ప్లాస్టిక్ ఫైలూ పట్టుకుని రావడం. ఆ ఫైళ్లు మా హాస్టల్లో మెస్సు బిల్లులు దాచుకోడానికి బాగా పనికొస్తున్నాయి.

ఇక అసలు విషయానికొస్తాను.

మా బల్ల దగ్గర కూర్చునే ఒక అన్నయ్య బోటనీలో పరిశోధన చేస్తున్నాడు. పేరు రాయొద్దన్నాడు కాబట్టి అన్నయ్య అనే అంటాను. ఆయన విషయం మినుము పైరుకొచ్చే పల్లాకు తెగులు. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే మాది డెల్టాలో ఒక పల్లెటూరు. మా వైపు వరి కోతకి రెండు మూడు రోజుల ముందే, చేలో పదునుండగా, మినుములు చల్లేస్తారు. దున్నేది లేదు, నీరు పెట్టేది లేదు. నేలలో మిగిలిన తడి, పైనుంచి కురిసే మంచు, ఈ రెంటి మీదే పంట. వరి మీద వచ్చింది కౌలుకీ పెట్టుబడికీ సరిపోతుంది. ఇంట్లో ఖర్చుకి మిగిలేది మినుములే. పల్లాకు వచ్చిందంటే ఆ మిగులు పోయినట్టే. ఆకు మీద ముందు పసుపు పచ్చ పొడలు లేస్తాయి, తర్వాత చేను చేనంతా పసుపు నీళ్లు చల్లినట్టయిపోతుంది. తెచ్చేది వైరస్, మొక్క నుంచి మొక్కకి మోసేది తెల్లదోమ. సోకిన మొక్కకి వైద్యం లేదు. తొలిదశలోనే పీకి పారెయ్యాలి, దోమని అదుపులో పెట్టాలి, తట్టుకునే రకం వేసుకోవాలి. ఏ రకం ఎంత తట్టుకుంటుంది, ఏ ఊరి చేలో ఏ రకం వైరస్ ఉంది అన్నదే అన్నయ్య పని.

నవంబరు నెలాఖర్లోనో, డిసెంబరు మొదట్లోనో చల్లిన మినుము డెబ్బై అయిదు, ఎనభై రోజుల్లో చేతికొస్తుంది. అంటే సంక్రాంతికి పైరు పూత మీదా పిందె మీదా ఉంటుంది. పల్లాకు లెక్క తేలేది సరిగ్గా అప్పుడే. పండక్కి ఇంటికెళ్లి పదిరోజులాగి వస్తానంటే మొక్క ఆగదు. ఏడాదికొక్కసారి వచ్చే అదను అది. తప్పిపోతే మళ్లీ ఏడాది, ఆ ఏడాదికి ఫెలోషిప్పు ఉంటుందో లేదో.

ఇప్పుడు సెలవుల సంగతి. యూజీసీ ఫెలోషిప్పు నియమాల్లో స్కాలరుకి ఏడాదికి 30 రోజులు సెలవు, ప్రభుత్వ సెలవు దినాలు అదనం. వేసవి సెలవులు, శీతాకాలపు సెలవులు, పూజా సెలవులు మాత్రం వర్తించవు అని రాసి ఉంది. రూలు రూలే, దాన్ని నేను తప్పుపట్టడం లేదు. కాని ఆ ముప్పై రోజులూ ధైర్యంగా అడిగి వాడుకున్న స్కాలరు మా బల్ల దగ్గర ఒక్కడూ లేడు. ఇంతకీ స్కాలరు విద్యార్థా, ఉద్యోగా? సెలవులడిగితే "పిల్లలకిచ్చే సెలవులు నీకెందుకు, నువ్వు ఉద్యోగస్థుడి కింద లెక్క" అంటారు. ప్రావిడెంట్ ఫండూ ఇంక్రిమెంటూ సంగతి ఎత్తితే "నువ్వింకా విద్యార్థివే గదా" అంటారు. మెస్సు మాత్రం పిల్లల సెలవుల్ని బట్టే మూతపడుతుంది! పనికి ఉద్యోగి, అన్నానికి విద్యార్థి. సెలవుల్లో లాబ్ తెరిచే ఉంటుంది, పొయ్యి వెలగదు.

ఈ జనవరిలో కూడా అలాగే పొయ్యి ఆరిపోతే, అన్నయ్యని మా ఊరు రమ్మన్నాను. మొహమాటపడ్డాడు. మా చేలో కూడా నాలుగు మూలలా పల్లాకు కనపడిందని నాన్న ఫోన్లో చెప్పాడని చెప్పేసరికి మొహమాటం ఎటుపోయిందో, సంచి సర్దేశాడు. భోగినాడు తెల్లారుజామున ఊరంతా మంటల దగ్గరుంటే ఆయన మా గట్టు మీద ఉన్నాడు. చేతిలో ప్లాస్టిక్ సంచులు, మార్కరు, ఐసు డబ్బా. పాంటు మోకాళ్ల దాకా మంచుకి తడిసిపోయింది. ఒక్కో మొక్క దగ్గరా ఆగి, ఆకులు తిప్పి చూసి, 1 నుంచి 9 దాకా మార్కులు వేస్తాడు. ఎక్కువ మార్కులొచ్చిన మొక్క ఫెయిలన్న మాట. (మన పరీక్షలు కూడా ఇలా ఉంటే బాగుండు.) మూడు రోజులు, పొద్దున పది దాకా ఇదే పని. కనుమనాడు కూడా మానలేదు.

మా నాన్న ఆయన వెనకే తిరిగాడు. మా నాన్న ఎవరితోనూ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. రెండో రోజు అడిగాడు.

"దీనికి నీకు జీతమిస్తారా బాబూ?"

"జీతం కాదండీ, ఫెలోషిప్పంటారు. ప్రాజెక్టులోంచి ఇస్తారు."

"నెలనెలా వస్తదా?"

"వస్తుందండీ... నాలుగైదు నెలలవి కలిపి వస్తుంది."

మా నాన్నకి వెంటనే అర్థమైపోయింది. "ధాన్యం డబ్బులు కూడా మాకట్టాగే వస్తయ్యి" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరికీ బాగా స్నేహం కుదిరింది. అమ్మ మాత్రం అరిసెలు పొట్లం కడుతూ, "పండగపూట కొడుకు ఊరుగాని ఊళ్లో ఉంటే వాళ్లమ్మ ఎట్టా ఉందో" అని ఒకటే బాధ. అన్నయ్యకి సెప్టెంబరు డబ్బులు ఆ జనవరి ఆఖరుకి అందాయి. ఎక్కడ ఆగాయో, ఎందుకు ఆగాయో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

కాబట్టి నేను చెప్పొచ్చేదేమిటంటే, పరిశోధన తపస్సూ కాదు, యజ్ఞమూ కాదు. సేద్యం. అదీ కౌలు సేద్యం. భూమి గైడుగారిది, విత్తనమూ ఎరువూ యూనివర్సిటీవి, తెల్లారకముందే చేలో దిగేది స్కాలరు. పండిన పేపరు మీద ఇద్దరి పేర్లూ ఉంటాయి. అది న్యాయమే, భూమి లేకుండా పంట లేదు. మా నాన్నకి మూడెకరాలు సొంతం, అయిదెకరాలు కౌలు. కౌలుదారుకి ఒక కార్డంటూ ఇవ్వాలని 2019లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టం చేశారు. దానికి భూమి యజమాని సంతకం కావాలన్నారు. సంతకం పెడితే భూమి ఎక్కడ పోతుందోనని యజమాని భయం. సంతకం లేక కార్డు రాదు, కార్డు లేక బ్యాంకులో అప్పు పుట్టదు. మా ఊళ్లో ఆ కాయితం పట్టుకుని తిరిగినవాళ్లని చూశాను. ఇక్కడ స్కాలరు హాజరు కాయితం పట్టుకుని గైడుగారి సంతకానికి, ఆపైన హెడ్డుగారి సంతకానికి, ఆపైన గుమస్తాగారి బల్లకి తిరుగుతుంటే నాకు మా ఊరి మనుషులే కనపడతారు. ఒక సంతకం చేతిలో ఉన్న మనిషికి ఎదుటివాడు కరెంటు బిల్లు కట్టిపెట్టాలనీ, చుట్టాల్ని స్టేషన్లో దించి రావాలనీ అనిపించడం సహజం. అడిగితే కాదనే స్కాలరు లేడు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. అందరూ అలాంటివారు కారు. తన బ్యాగు కూడా స్కాలర్ల చేత మోయించని మేడంగారు మా డిపార్ట్‌మెంటులోనే ఉన్నారు. ఖాళీ పోస్టులు నింపక ముగ్గురి పాఠాలు ఒక్కరే చెబుతూ, స్కాలరు రాసింది చదవడానికి అర్ధరాత్రి దాకా కూర్చునే సార్లూ ఉన్నారు. మంచివాళ్లు దొరికితే స్కాలరు అదృష్టం. నా బాధల్లా అదృష్టం మీద నడవాల్సిన పని కాదు గదా ఇది అని.

మా రూమ్మేటు దీనికి ఒప్పుకోడు. జేఆర్ఎఫ్ 2023 జనవరి 1 నుంచి నెలకి 37,000 రూపాయలు, రెండేళ్లయ్యాక ఎస్ఆర్ఎఫ్ అయితే 42,000. "మా ఊళ్లో ప్రైవేటు స్కూలు మాస్టారికి ఇందులో సగం రాదు, ఇంకేం కావాలిరా వీళ్లకి?" అంటాడు. వాదన బాగానే ఉంది. కాని మా మెస్సులో ఆ డబ్బు తీసుకునేవాళ్లు వేళ్ల మీద లెక్కకొస్తారు. మిగతావాళ్లు ప్రాజెక్టు ఉన్నన్నాళ్లు ప్రాజెక్టు మీద, అది అయిపోతే ఇంటి మీద. ఒకాయన పొద్దున ఎనిమిదింటికి ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠం చెప్పి, పదకొండున్నరకి లాబ్‌కొచ్చి, రాత్రి పదింటికి వెళ్తాడు. ఆయనకి ముప్పై రెండేళ్లు. పండక్కి ఊరెళ్తే "ఇంకా చదువుతున్నావా?" అంటారని వెళ్లడం మానేశాడు.

అమ్మాయిల సంగతి విడిగా చెప్పాలి. చలికాలంలో ఆరింటికల్లా చీకటి పడుతుంది. వాళ్ల హాస్టలు గేటుకి ఒక వేళ ఉంది. పీసీఆర్ యంత్రానికి ఆ వేళ తెలియదు. 94 డిగ్రీలకెక్కి, యాభై పైచిలుకుకి దిగి, మళ్లీ 72కి ఎక్కి, ముప్పై ముప్పై అయిదు తిరుగుళ్లు పూర్తయ్యేసరికి రెండు మూడు గంటలు. మగవాళ్లు ఆమ్లెట్ బండికి వెళ్లే వేళకి వీళ్లు గేటు దగ్గర రిజిస్టరులో ఆలస్యానికి కారణం రాస్తుంటారు. ఇంటికెళ్తే పండగ పేరు చెప్పి పెళ్లిచూపులు. 2016 యూజీసీ నిబంధనలు పరిశోధన చేసే స్త్రీలకి 240 రోజుల దాకా ప్రసూతి సెలవు, గడువులో రెండేళ్ల సడలింపు ఇచ్చాయి. మంచిదే. కాని లాబ్ నుంచి హాస్టలు దాకా ఉన్న దోవలో నాలుగు లైట్లు వెయ్యడానికి ఏ నిబంధన కావాలో నాకు తెలియదు.

ఇలా మాట్లాడితే వెంటనే యల్లాప్రగడ సుబ్బారావుగారిని తెస్తారు. 1895 జనవరి 12న, పెద్ద పండగ ముంగిట, భీమవరంలో పుట్టిన మహానుభావుడు. బోస్టన్ వెళ్లి, ఆ చలిలో, ఆస్పత్రిలో రాత్రిపూట చిన్న పని చేసుకుంటూ పరిశోధన చేశాడు. 1925లో ఫిస్కేతో కలిసి ఆయన ప్రకటించిన భాస్వరం కొలిచే పద్ధతి నేటికీ బయోకెమిస్ట్రీ విద్యార్థులు నేర్చుకుంటున్నారు. ఆ నీలిరంగు చూసినప్పుడల్లా నాకు గర్వంగానే ఉంటుంది. "ఆయన అన్ని కష్టాలు పడ్డాడు, మీరు మెస్సు గురించి మాట్లాడతారా?" అని అడుగుతారు. ఆయన కష్టాల వల్ల గొప్పవాడు కాలేదు, కష్టాలున్నా అయ్యాడు. అలాగే బయల్దేరి, డబ్బు చాలక మధ్యలో ఆగిపోయినవాళ్లు ఎందరో ఉంటారు. వాళ్ల జయంతులు ఎవరూ చెయ్యరు కాబట్టి మనకు తెలియదు, అంతే. పైగా ఆయన వెళ్లేటప్పుడు మామగారు సాయం చేశారు. మా అన్నయ్యకింకా పెళ్లే కాలేదు!

స్కాలర్లలోనూ పని దొంగలు లేరని నేననను. ఆరేళ్లుగా హాస్టల్లో ఉంటూ, పరిశోధన పేరున గ్రూప్ పరీక్షలకి చదువుకునేవాళ్లు నాకు తెలుసు. టీ బడ్డీ దగ్గర దేశాన్ని ఉద్ధరించేవాళ్లూ తెలుసు. వాళ్లని తిట్టడం తేలిక. డాక్టరేటు వచ్చాక ఉద్యోగం గెస్టు లెక్చరరుగా గంటల లెక్కన అని కళ్లెదురుగా కనపడుతున్నప్పుడు, ఇంకో దోవ చూసుకునేవాణ్ణి సోమరి అని ఊరుకోలేను.

"నువ్వూ ఈ చదువే చదువుతావా?" అని నాన్న నన్ను బస్సెక్కించేటప్పుడు అడిగాడు. వద్దనలేదు, ఊరికే అడిగాడు. చెల్లెలు ఇంటర్ చదువుతోంది. ఎమ్మెస్సీ అయ్యాక నాలుగైదేళ్లు నెలనెలా డబ్బు వస్తుందో రాదో తెలియని పనిలో నేను దిగాలంటే, ఆ నాలుగైదేళ్లూ కౌలు భారం ఒక్కడే మోసేది ఆయన. అన్నయ్య చేసే పని మా చేనుకి కావాలని ఆయనకి తెలుసు. అందుకే వద్దనలేకపోయాడనుకుంటాను. ఎమ్మెస్సీ ఎంట్రన్సుకి దరఖాస్తు పెట్టాను. ఆ పై సంగతి ఇంకా తేల్చుకోలేదు.

మన యూనియన్ వారికి ఒక మనవి. ఈ ఏడు మీరు బస్సు పాసుల మీద, ఫీజుల మీద, మెస్సులో పెరుగు మీద వినతిపత్రాలిచ్చారు. సంతోషం. స్కాలర్ల ఊసు ఒక్కదాంట్లోనూ లేదు. ఓట్లప్పుడు మాత్రం వాళ్ల గదుల తలుపులు కూడా తట్టారు. డబ్బులు నెలనెలా ఇప్పించడం మీ చేతిలో లేదు, ఒప్పుకుంటాను. మెస్సు సంగతి ఉంది. సెలవులయ్యాక గదిగదికీ తిరిగి లెక్క రాసుకున్నాను. ఈ సంక్రాంతికి కాంపస్‌లో మిగిలిన స్కాలర్లు ముప్పై నలుగురు. వంటాయన్ని అడిగితే, పండగ మూడు రోజులు తప్ప మిగతా ఏడు రోజులూ ఉంటానన్నాడు. ఆ మూడు రోజులూ వంటగది తాళం ఇస్తే మేమే వండుకుంటామని స్కాలర్లన్నారు. కెమిస్ట్రీ వాళ్లలో ఇద్దరు వంట బాగా చేస్తారు కూడా. ఈ సంగతంతా రాసి వార్డెనుగారికిచ్చాం. గ్యాసు సిలిండరుకి పూచీ ఎవరని అడిగారు. యూనియన్ తరఫున ఆ ఒక్క కాయితం మీద సంతకం పెట్టిస్తే, వచ్చే జనవరికి ఆ పొయ్యి వెలుగుతుంది.